జోడు పోగుల సారు

“డబుల్ సార్ పోయిండట మేడం.”

గోళీలు కవర్ల ఏసుకుంట అన్నడు మెడికల్ షాపు పిలగాడు. పిలగాడంటున్న గని వానికే మీసాలు నెరిసినయి. ఎన్కట కోరుట్లల మా కాలేజిల బైపీసీ సదివినోడు. మొక్కలు నాకాడ నేర్సుకున్నడు, జంతువులు ఆయనకాడ. నేను పలుకకపొయ్యేసరికి ఇనలేదనుకున్నడేమో, “డబుల్ సార్ మేడం, మన జువాలజీ సార్. మొన్న కరీంనగర్ దవాఖానల పోయిండట” అని మల్లొకసారి చెప్పిండు. చిల్లర గుడ తీసుకోకుంట ఇంటికొచ్చి కుర్సీల కూలవడ్డ. మా ఆయన “ఏమైంది, మొఖం గట్ల వెట్టినవ్?” అంటె, “జరసేపు సప్పుడు జెయ్యకు” అని ఒర్రిన. పాపం ఆయనేం జేసిండు. నాకు ఏడుపొస్తె ముందుగాల కోపమొస్తది. ఏం జెయ్యాలె, నా పుటుకే గట్ల.

ఆయన ఏ మాటైన రెండుసార్లు చెప్పెటోడు. “నమస్తె మేడం, నమస్తె.” “బస్సు పోయింది, బస్సు పోయింది.” క్లాసుల గుడ గంతే. “కప్ప గుండెల మూడు గదులు, మూడు గదులు.” పోరగాళ్ళు ఊకుంటరా, వచ్చిన వారానికే డబుల్ సార్ అని పేరు వెట్టిండ్రు. స్టాఫ్‌రూంల మా ఇద్దరి టేబుళ్ళు ఆనుకొని ఉండె. పొద్దందాక ఆ రెండేసి మాటలు ఇనీ ఇనీ నెత్తి నొచ్చేది. ఒకనాడు పట్టలేక అడిగిన.

“సార్, నాకేమన్న చెవుడా? ఒక్కసారి చెప్తె ఇనవడదా?”

నవ్విండు. “మీకు కాదు మేడం, మా ఊరికే చెవుడు.”

సిరిసిల్లల సాంచాల నడుమ పుట్టినోడాయె. సాంచాలంటె పవర్‌లూమ్‌లు. ఇంట్ల అవే, పక్కింట్ల అవే, తెల్లారిందాన్నుంచి దడదడ దడదడ. “అమ్మ అన్నం తినుండ్రిరా అంటె మొదటి మాట సాంచ తినేది మేడం. రెండోది మాకు దొరికేది. అందుకె మా ఊర్ల ఎవ్వడు ఒక్కసారి చెప్పడు, చెప్పినా లెక్కల రాదు” అన్నడు. నాకు నవ్వొచ్చింది. అప్పటిసంది ఆయన మొదటి మాట సాంచకు ఇడిసిపెట్టి రెండోది ఇనుడు అలవాటు జేసుకున్న.

ఇంకో మాటుండె ఆయనకు. “జోడేది?” ఏది ఒంటిగ కనవడ్డా ఆ మాట రావాల్సిందే. గడపకాడ ఒక్క చెప్పు కనవడితె జోడేది? ఒక్క ఎద్దు పోతుంటె జోడేది? నేను బజార్ల ఒక్కదాన్ని ఎదురైతె, “సార్ ఏడి మేడం, సార్ ఏడి?” ఇంట్ల బెండకాయలు కోస్తుండంటె ఆయన మొఖం వెలిగేది, అదేదో ఆయనకు కోసి పెడ్తున్నట్టు. ల్యాబుకు పోరగాళ్ళు కప్పలు పట్టుకొస్తరు గద. ఎవడన్న ఒక్కటే తెస్తె అయిపాయె వాని పని. ఆ కప్పను ఒక్కదాన్ని తొట్టిల ఉంచనియ్యకపొయ్యేది. ఎంత పొద్దువొయినా ఇంకోటి పట్టుకొచ్చి దాని పక్కన ఇడిసిపెట్టినంకనే ల్యాబుకు తాళం వడేది.

“రేపు పొద్దున కోసే కప్పకు ఇయ్యాల సోపతెందుకు సార్?” అన్న నేను.

“పొద్దటిదాక బతకాలె గద మేడం, బతకాలె గద.”

మరి నీ జోడేది అని ఆయన్ని అడిగినోళ్ళు లేరు. నేనే అడిగిన, నాకు సిగ్గేంది. “పెండ్లి గిండ్లి ఏమన్న ఉన్నదా సార్?” అంటె, “తమ్ముడున్నడు మేడం, తమ్ముడున్నడు” అన్నడు. ఎద్దు ఏదంటె నాగలి చూపిచ్చినట్టు. తమ్ముడు బొంబై పక్క భీవండిల సాంచాలు నడిపెటోడు. తమ్ముని భార్య సిరిసిల్లల ఇంటికాడ బీడీలు చేసుకుంట ఉండేది. పిల్లలు లేరు. అన్నదమ్ములిద్దరు ఒక్క రగ్గుల పండి పెరిగిండ్రట. రగ్గు ఆయన గుంజితె తమ్మునికి చలి, తమ్ముడు గుంజితె ఆయనకు. ఆ ముచ్చట చెప్పెటప్పుడు ఆయన భుజాలు ముడుచుకునేది, అప్పుడే ఎవలో రగ్గు గుంజినట్టు.

హోటల్ల చాయ్ గుడ ఒక్కడు తాగకపొయ్యేది. బస్టాండ్ కాడ పొయ్యి నిలవడి, పక్కన ఎవ్వలున్నరో చూడకుంటనే “వన్ బై టూ” అని చెప్పెటోడు. చాయ్ వచ్చినంక రెండో గ్లాసు పట్టుకొని చుట్టూ చూసేది. రిక్షా ఆయనో, కండక్టరో, సంతకు వచ్చిన ముసలవ్వనో, ఎవ్వలు దొరికితె వాళ్ళకు. కోరుట్లల ఆయన చేతి సగం చాయ్ తాగనోళ్ళు తక్కువ.

గా తమ్ముడు భీవండికెల్లి బొక్కల గూడై వచ్చిండు. ఆ రోజులల్ల మా దిక్కు ఆ బీమారి పేరు ఎవ్వలు నోట్లకు తేకపొయ్యేది. ‘బొంబై జబ్బు’ అనెటోళ్ళు, అది గుడ మెల్లగ. దుబాయికెల్లి వచ్చినోడు దగ్గితె ఒక తీరు, భీవండికెల్లి వచ్చినోడు దగ్గితె ఇంకో తీరు చూసేది జనం. ఆర్నెల్లు గుడ బతకలే ఆ పిల్లగాడు. పాడె ఎత్తెటందుకు మనుషులు రాకుంటె తోపుడు బండి మీద తీసుకపొయిండట. పదకొండొద్దులైనంక నున్నటి గుండుతోటి కాలేజికొచ్చి, “నమస్తె మేడం, నమస్తె” అన్నడు.

అప్పటిసంది సెలవు దొరికితె హైదరాబాద్ పోవుడు. యూనివర్సిటీ లైబ్రరీల కూసోని జిరాక్సులు పట్టుకొచ్చేది. మా పుస్తకంల ఆ వైరస్ గురించి ఒక్క లైను ఉంటె ఉన్నట్టు. ఆయనకాడ సంచెడు కాయితాలు.

“గింత ఏం సదువుతరు సార్?”

“నా తమ్మున్ని తిన్నదాని మొఖం సూడాలె గద మేడం, సూడాలె గద.”

“సూసిండ్రా మరి?”

భుజం మీది తువ్వాల అంచుకెల్లి రెండు పోగులు గుంజిండు. టేబుల్ మీద పక్కపక్కన పెట్టిండు. “ఇగో గిది. గింతే.”

నేను బాటనీ దాన్నే అయినా ఆ తీర్గ ఎవ్వలు నాకు చెప్పలే. మనల ఉండే డీఎన్ఏ నిచ్చెన లెక్క, రెండు పట్టెలు మొదటికెల్లి కొసదాక మెట్లతోటి అతుక్కొని ఉంటయి. ఇది గట్ల కాదట. ఇది ఆర్‌ఎన్‌ఏ, ఒంటి పోగు. చానా వైరస్‌లల్ల ఒక్క ప్రతే ఉంటది. గాని ఈ జాతి పురుగుల పొట్టల రెండు పోగులుంటయట. రెండింటి మీద రాసింది దాదాపు ఒక్కటే.

“అంటె చెప్పిందే రెండుసార్లు చెప్తదా సార్?” అన్న.

“రెండుసార్లే మేడం!”

“సిరిసిల్లదా ఏంది సార్ మీ పురుగు?”

నవ్విండు. తమ్ముడు పోయినంక ఆయన నవ్వుడు అదే మొదలు. నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్నడు. మల్ల పోగుల మీద ఏలు వెట్టి చెప్పిండు. “రెండెందుకంటె మేడం, మన కణంలకు దూరినంక ఒక ఎంజైము ఈ పోగును పట్టుకొని సదువుకుంట డీఎన్ఏ నేసుకుంట పోతది. నడుమల పోగు తెగి ఉన్నదనుకోండ్రి. పక్క పోగు మీదికి దుంకుతది. ఆడ ఇడిసిన కాడికెల్లి ఈడ అందుకుంటది. తెగినా పని ఆగదు. మా సాంచాల కాడ పోగు తెగితె ఆపి అతకాలె. దీనికి ఆపుడు లేదు, అతుకుడు లేదు.”

ఆ రెండు పోగులు మొదటికెల్లి కొసదాక అల్లుకొని ఉండవట. ఒక కొసకు దగ్గర దీనిది ఒక చిన్న మెలిక, దానిది ఒక చిన్న మెలిక. ఆ రెండు మెలికలు ఒకదాన్నొకటి దొరకవట్టుకుంటయట. అసలు పట్టంత ఆన్నే. గట్ల జోడు కట్టినదాన్ని డైమర్ అంటరు. ఆ పట్టుకు ఇంగ్లీషోళ్ళు ముద్దు పేరు వెట్టిండ్రు. ముద్దు పేరంటె నిజంగనే ముద్దు, పెదవుల ముద్దు. ఈ మనిషి క్లాసుకు పొయ్యి తెలుగుల చెప్పిండు. చెప్పినోడు ఒక్కసారి చెప్పి ఊకుండొచ్చు గద. “ముద్దు మెలిక, ముద్దు మెలిక” అన్నడు. పోరగాళ్ళు ఈలలేసి బల్లలు పలగ్గొట్టిండ్రు. ఎర్రగయిన మొఖంతోటి స్టాఫ్‌రూంకొచ్చి కూసున్నడు. తెల్లారి దానికి ఇంకో పేరు వెట్టిండు, ‘అలాయ్ బలాయ్ మెలిక’ అని. దసరనాడు జమ్మి పెట్టి గుండెలకు గుండెలు ఆనిచ్చుకుంటం గద, గట్ల. ఆ పేరు పిల్లలకు గట్టిగ పట్టువడ్డది. ఇప్పుడు మెడికల్ షాపు పిలగాన్ని లేపి అడిగినా చెప్తడు.

అయితె నాకు యాదికున్నది అది కాదు. ఆనాడు టేబుల్ మీది పోగులు తువ్వాలల మడతపెట్టుకుంట ఒక మాటన్నడు. “గంత పాడు పురుగు గుడ ఒక్కతిగ ఉండలేదు మేడం. జోడు లేంది కదలది.” పాండ్రి సార్ చాయ్ తాగుదాం అన్న, గంతే.

మరదలికి గుడ అదే బీమారి అని పరీక్షల తేలింది. ఆ సంగతి సిరిసిల్లల ఎట్ల పొక్కిందో పొక్కింది. బీడీల కార్ఖానకు సంచి పట్టుకపోతె, నువ్వు చేసిన బీడీ ఎవల నోట్ల వెట్టుకుంటరమ్మా అని తిప్పి పంపిండ్రట. ఆమె ఇంట్లనే కూసున్నది, తలుపేసుకొని. ఈయన శనివారం శనివారం కోరుట్లల బస్సెక్కి పొయ్యేది, సోమారం పొద్దుగాల వచ్చేది. పెండ్లిగాని బావ, మొగడు లేని మరదలు ఒక్క ఇంట్ల ఉంటె జనం నోరు ఎన్ని తీర్ల పోతదో మీకు చెప్పే పనిలేదు. ఆయన చెవులకు సాంచాల సప్పుడు అలవాటే గద, ఇననట్టే ఉండెటోడు.

గప్పుడే ఆ రెండు పోగులకు ఒక బొమ్మ జేసిండు. మొదలు నూలు పోగులతోటి చేస్తె వాలిపొయినయట. అందుకని కరెంటు బెల్లుకు వాడే సన్న వైరు కొనుక్కొచ్చి, రెండు ముక్కలు మెలికలు మెలికలుగ వంచి, ఆ అలాయ్ బలాయ్ మెలిక కాడ ఒకదాంట్ల ఒకటి గుచ్చిండు. మంచిగ చేసిండు, అబద్ధమెందుకు. ఒక శనివారం క్లాసు అయినంక దాన్ని చేసంచిల వెట్టుకొని సిరిసిల్ల బస్సెక్కిండు. ఆనాడు అదే బస్సుల నేనున్న. మా అత్తను తీసుకొని వేములవాడకు కోడె మొక్కు చెల్లియ్య పోతున్న.

అవి ఎట్లాంటి రోజులంటె, ఒకదిక్కు అన్నలు, ఒకదిక్కు పోలీసోళ్ళు, నడుమల మనం. రోడ్ల కింద మందుపాతరలు వెడ్తుండ్రని కల్వర్టు వస్తె డ్రైవర్లు దండం పెట్టుకొని దాటించేది. చేతిల వైరు ముక్క కనవడ్డా అనుమానమే. ఈయనకు ఆ సోయి ఉంటె గద. రుద్రంగి ఇంక జరంత దూరముందనంగ పోలీసోళ్ళు బస్సు ఆపిండ్రు. మొగోళ్ళను కిందికి దింపి సంచులు ఒలకవోస్తుండ్రు. ఎస్సై చిన్న వయసోడు, ఆంధ్ర దిక్కు మాట.

“ఏంటయ్యా ఇది?”

“డైమర్ సార్, డైమర్.”

కిటికీలకెల్లి సూస్తనే ఉన్న. ఎస్సై చెవుల ఏం వడ్డదో, “టైమరా!” అని గజం దూరం దుంకిండు. “టైమర్! టైమర్! అందరూ వెనక్కి జరగండి!” ఇగ చూడు, ఎక్కడోళ్ళు అక్కడ్నే పండుకున్నరు. తుపాకులు లేసినయి. ఈయన్ని మెడవట్టి రోడ్డు మీద బోర్ల పండవెట్టిండ్రు. ఆయన కింది నుంచి “డైమర్ సార్, డైమర్” అంటనే ఉన్నడు, ఆళ్ళకు “టైమర్ టైమర్” అని ఇనవడ్తనే ఉన్నది. రెండుసార్లు చెప్పే అలవాటు పాడుగాను!

మా అత్త కొంగు గుంజుతున్నా ఆగలే నేను. దిగిన. ఎంత తుపాకి ముంగటైనా నా నోరు వణుకది.

“సారూ! టైమర్ కాదు, డైమర్! అది సదువు చెప్పే బొమ్మ. ఆయన మా కాలేజి జువాలజీ సారు!”

“మీరెవరు?”

“అదే కాలేజి. నేను మొక్కలు చెప్త.”

ద్విదళ బీజాలు, ఏకదళ బీజాలు చెప్తనని నోటిదాక వచ్చింది. దళం అన్న మాట ఇంటె నన్ను గుడ పక్కన పండవెడ్తరని మింగిన. ఎస్సైకి జర ధైర్యమొచ్చింది. లాఠితోటి కెలికి చూసి, చేతిలకు తీసుకొని ఇటు తిప్పిండు అటు తిప్పిండు. బ్యాటరీ లేదు, మందు లేదు.

“మరి ఇది దేని బొమ్మ?”

కింద పండుకున్న మనిషి గడ్డం మట్టిల ఆనిచ్చి చెప్పిండు. “ఎయిడ్స్ పురుగుది సార్, ఎయిడ్స్ పురుగుది. దాని లోపటి పోగులు.”

ఎస్సై చేతిలకెల్లి బొమ్మ కిందవడ్డది. చెయ్యి ప్యాంటుకు రుద్దుకున్నడు. ఒక కానిస్టేబుల్ ఉరికొచ్చి సీసల నీళ్ళు ఆయన చేతుల మీద పోసిండు. బాంబనుకున్నప్పుడు గుడ ఆ మొఖంల అంత బుగులు చూడలే నేను.

“నీకెందుకయ్యా ఇదంతా?”

“తమ్ముడు దాంతోనే పోయిండు సార్, దాంతోనే పోయిండు. మరదలికున్నది.”

“నీకు?”

సార్ పలుకలే. ఏదైన రెండుసార్లు చెప్పే మనిషి, లేదని ఒక్కసారి చెప్తె అయిపొయ్యేది. చెప్పలే. లేసి మట్టి దులుపుకొని, వైరు బొమ్మ ఏరుకుంటున్నడు.

“వెళ్ళు వెళ్ళు, తీసుకుని వెళ్ళు” అన్నడు ఎస్సై, లాఠి ఊపుకుంట. తుపాకులోళ్ళు తొవ్వ ఇచ్చిండ్రు. ఎంత తొవ్వంటె, లారీ వట్టేటంత. గట్ల బతికి బయటవడ్డడు. గా రోజులల్ల వైరుతోటి దొరికి సాయంత్రానికి ఇల్లు చేరినోడు ఈయనొక్కడే కావచ్చు. సంబురపడాల్సిందే. గని బస్సుల ఉన్నోళ్ళల్ల సగం మంది కోరుట్లోళ్ళు, అందరు ఇన్నరు.

“సార్, ఎనుక ఇంకో బస్సున్నది” అని నసిగిండు కండక్టర్. ఆ కండక్టర్ ఈయన చేతి సగం చాయ్ ఎన్నిసార్లు తాగిండో. “టికెట్ కొట్టినప్పుడు తెల్వదా నీకు? ఆయన ఎక్కకుంటె ఈ బస్సు కదలది, నేను ముంగట అడ్డం పండుకుంట” అని ఒర్రిన. ఎక్కనిచ్చిండ్రు. బస్సు కిక్కిరిసి ఉన్నది, ఫుట్‌బోర్డు మీద జనం ఏలాడ్తుండ్రు. ముగ్గురు కూసునే సీట్ల ఆయనొక్కడే. నేను పొయ్యి పక్కన కూసున్న. మా అత్త వేములవాడల నన్ను గుడి గుండంల ముంచినా ముంచినా ఆమె మనసు నిండలే, అది వేరే కథ.

ఆయన జనం దిక్కు చూస్తనే లేడు. వంగిపొయిన వైరును ఒళ్ళె వెట్టుకొని సరిజేస్తుండు. “మెలిక ఊడింది మేడం, మెలిక ఊడింది.” వేములవాడ దాక దాన్ని గుచ్చుతనే ఉన్నడు.

సోమారానికల్లా కోరుట్ల అంత తెలిసిపాయె. చాయ్ హోటలాయన మంచోడే, మర్యాద తప్పలే. ఈయన “వన్ బై టూ” అంటె, “మీరు ఫుల్లే తాగుండ్రి సార్, మీరెంత ఇస్తె గంతే” అని నిండు గ్లాసు ముంగట వెట్టి పోయిండు. సగం పంచెటందుకు రెండో గ్లాసు ఇయ్యలే. ఆ గ్లాసు గుడ వేరే మూలకు పెట్టిచ్చిండని తర్వాత తెలిసింది. రూము ఓనరు కొడుకు పెండ్లని ఖాళీ చేయమన్నడు. ఆ కొడుకు అప్పుడు ఆరో తరగతి. స్టాఫ్‌రూంల కుర్సీలు ఒక్కొక్కటి ఆయన టేబుల్ కాడికెల్లి జరిగినయి. ఉద్యోగమైతె తీసెయ్యలే. అంత తక్కువ జీతానికి జువాలజీ చెప్పెటోడు ఇంకొకడు దొరకక.

నాకు కడుపు మండిపొయ్యేది. “సార్, కరీంనగర్ పోదాం. రక్తం పరీక్ష చేపిచ్చుకోండ్రి. లేదని కాయితం ఇస్తరు. నేనే పట్టుకొచ్చి ఊరంత చూపిస్త. ఒక్క కాయితంతోటి పొయ్యేదానికి గిదంత ఎందుకు?” అన్న.

“తెస్త మేడం, తెస్త.”

తేలే. నెల వొయింది, ఇంకో నెల వొయింది. నేను అడిగినప్పుడల్లా అదే మాట. ఆకరికి నాకే అనుమానమొచ్చింది. ఉన్నదేమో, అందుకె భయపడ్తుండేమో అని. ఉంటె ఏంది అనుకొని ఊకున్న. నా టిఫిన్ ల పెరుగన్నం ఆయనకు పెట్టుడు ఆపలే.

దసర వచ్చింది. ఆ ఏడు పండుగకు ఆయన సిరిసిల్ల పోలే, కోరుట్లల్నే ఉన్నడు. సాయంత్రం జమ్మి కాడికెల్లి జనం వస్తుండ్రు. మా గల్లిల కొత్త అంగీలు, బంగారం బంగారం అనుకుంట జమ్మాకు చేతులల్ల వెట్టుకునుడు, గుండెలకు గుండెలు ఆనిచ్చుకునుడు. నేను వాకిట్ల నిలవడ్డ. ఆయన తెల్లంగి తొడుక్కొని చేతినిండ జమ్మాకు పట్టుకొని గల్లి మొదట్ల కనవడ్డడు. ఒకాయన దగ్గరికి పోతె ఆయన రెండు చేతులెత్తి దూరంకెల్లే దండం వెట్టిండు. ఇంకొకాయనకు అప్పుడే లుంగి ఊడింది. ఇంకో ఇద్దరు మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఇంట్లకు వొయిండ్రు. ఈయన ప్రతి ఒక్కరి ముంగట చేతులు జర చాపి, మల్ల మెల్లగ దించుకుంట వస్తుండు. నేను మా ఆయన దిక్కు చూసిన. నా చూపు సంగతి ఆయనకెరుకే. పొయ్యి అలాయ్ బలాయ్ తీసుకున్నడు. తీసుకున్నడంటె తీసుకున్నడు. మూడు మార్లు ఆనిచ్చుకోవాల్సింది ఒక్క మారు ఆనిచ్చి, ఇంట్లకొచ్చి సబ్బుతోటి మెడ కడుక్కున్నడు. ఆ రాత్రి మా ఇంట్ల పండుగ గాలే, పంచాయితి అయింది.

వాకిట్ల సార్ మిగిలిన జమ్మాకంత నా చేతుల పోసిండు. “బంగారం మేడం, బంగారం.”

నాకు ఆగలే. “ఆ కాయితం తెస్తె ఏం పోతది సార్ మీకు? ఇయ్యాల గల్లి గల్లంత మిమ్మల్ని ఆనిచ్చుకునేది!”

“తెస్తె ఒకరు తక్కువైతరు మేడం, ఒకరు తక్కువైతరు.”

“ఎవరు తక్కువైతరు? ఉన్నదాన్ని నేనొక్కదాన్ని. నాకు గుడ ఓపిక అయిపోతె నేను గుడ తక్కువైత!”

ఆయన నవ్విండు. గల్లి చివరిదాక ఒక్కడే నడిసిపోయిండు, గోడ వారకు, ఎవరికి తగలకుంట. ఆ ఏడు పరీక్షలు అయినంక కోరుట్ల ఇడిసి సిరిసిల్లకే పోయిండు. తంగళ్ళపల్లి దిక్కు ఏదో బడిల చెప్తుండని కొన్నేండ్లు ఇన్న. తర్వాత ట్యూషన్లు అన్నరు. ఫోన్లు వచ్చినంక దసరకు దసరకు ఒక్క ఫోను చేసేది. “బంగారం మేడం, బంగారం.” ఒంట్ల ఎట్లున్నది సార్ అంటె, “ఇద్దరం మంచిగనే ఉన్నం మేడం, ఇద్దరం మంచిగనే ఉన్నం.” ఎన్నడు ‘నేను’ అనలే, ‘ఇద్దరం’ అనే అన్నడు. నాకాడ నా సంసారం, నా మోకాళ్ళ నొప్పులు. ఒక్కసారి పోలే.

నిన్న పొయిన. రుద్రంగి తొవ్వల్నే పొయిన. ఇప్పుడు ఆపెటోళ్ళు లేరు, బస్సు ఉరికింది. సిరిసిల్లల అడుక్కుంట అడుక్కుంట ఇల్లు దొరకవట్టిన. ఆ మరదలే తలుపు తీసింది. ఇన్నేండ్లల నేను ఆమెను చూసుడు అదే మొదలు. జుట్టు నెరిసింది గని మనిషి గట్టిగనే ఉన్నది. నేనెవరో చెప్తె, “మొక్కల మేడమా? బావ ఎప్పుడు మీ ముచ్చటనే చెప్పెటోడు” అన్నది. చాయ్ పెట్టి, గ్లాసు నా ముంగట వెట్టి, తాగుతనో తాగనో అని చూస్తున్నది. తాగిన. అప్పుడు కూసున్నది నా ఎదురుంగ.

“మీకో మాట చెప్పాలె మేడం. ఎవ్వలతోటి చెప్పుకోవాల్నో తెలుస్తలేదు.”

“చెప్పు బిడ్డా.”

“గుండె నొప్పంటె కరీంనగర్ తీసుకపొయిన. ఆపరేషన్ అన్నరు. ఆయనకు గుడ నా బీమారే ఉన్నది, జర పైలం అని డాక్టరమ్మకు నేనే చెప్పిన. రక్తం తీసి చూసిండ్రు. లేదన్నరు. మీరు తప్పు చూసిండ్రు, మల్ల చూడుండ్రి అని కొట్లాడిన. మల్ల చూసిండ్రు. లేదమ్మా, ఆయనకు ఎన్నడు లేకుండె అన్నరు.”

ఖాళీ గ్లాసు కింద వెట్టి ఆమె దగ్గరికి జరిగిన.

“మా ఆయన పోయి, నాకున్నదని తేలిన్నాడు పురుగుల మందు డబ్బ మూత తీసిన మేడం. బావ గుంజుకున్నడు. ‘నాకు గుడ ఉన్నది, నాకు గుడ ఉన్నది. తమ్మునికి సూది ఇయ్యంగ గుచ్చుకున్నది. నువ్వు పోతె నేనొక్కన్ని ఏం జెయ్యాలె?’ అన్నడు. గా మాటకే బతికిన. సర్కారు దవాఖానల మందులు ఉత్తగ ఇచ్చుడు మొదలైనంక నావి ఈడ ఇచ్చెటోళ్ళు. ‘నావి హైదరాబాద్ ల రాసుకున్నరు’ అనెటోడు. రోజు అన్నం తిన్నంక నా ముంగట కూసోని మింగెటోడు. నాకు కండ్లు తిరుగుతున్నయి బావా అంటె, నాకు గుడ అనెటోడు. ఆ డబ్బ పట్టుకపొయి మొన్న మందుల షాపాయనకు చూపిచ్చిన. అవి ఉత్త బలం గోళీలట మేడం.”

కాయితం ఎందుకు తేలేదో నాకు అప్పుడు తెలిసింది. ఊరంత ఆయన్ని ఇడిసిపెడ్తుంటె ఆయన ఎవల్ని ఇడిసిపెట్టలేదో గుడ తెలిసింది. ఏడుపొచ్చింది. ఈసారి కోపం ముందుగాల రాలే.

“ఎంత మంచోడు బిడ్డా మీ బావ” అన్న.

“అందరు గదే అంటరు మేడం. నాకు కోపమొస్తున్నది.” ఆమె గొంతు లేసింది. “ఎందుకట్ల చేసినవని అడుగుదామంటె కండ్లు తెరవకుంటనే పాయె. గిన్నేండ్లు నాకు బీమారి ఉన్నదన్న యాదే లేకుండె మేడం. ఆయనకు లేదని డాక్టరమ్మ చెప్పింది చూడుండ్రి, గా నాడే వచ్చింది నాకు.”